కొమ్ములు మొలవకుండా

మా ఊళ్ళో పెద్దమనిషి కావడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, చెప్పిన ప్రతిదానికీ నవ్వే నలుగురు మనుషులు ఉంటే చాలు. లక్ష్మణ్‌కి ఇవన్నీ ఉన్నాయి. వీటికి తోడు సీడు పత్తి పండే చేను ఉంది, కారు ఉంది, ఈ ఎండాకాలం కొన్న కొత్త ట్రాక్టరు ఉంది. లేనిది ఒక్కటే. అదేమిటో నేను చెప్పక్కర్లేదు, కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నా భర్త ప్రేమ్ కుమార్ ఆయన దగ్గర డ్రైవరు. పొద్దున్నే ఆడకూలీలను ట్రాక్టరు మీద చేనికి చేర్చాలి, మధ్యాహ్నం ఎరువుల బస్తాలు తేవాలి, సాయంత్రం కారులో ఆయన్ని గద్వాలకో వనపర్తికో తిప్పాలి. మా అత్త ఏసమ్మ ఆయన చేలోనే కూలి. నేను ఇంట్లో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. డిగ్రీ మధ్యలో ఆపేసినా నోరు మాత్రం ఆపలేదని ఊళ్ళో నాకు పేరు. ఉండనివ్వండి. ఆ నోరు లేకపోతే ఈ పాటికి మా ఇంట్లో ఏం జరిగేదో నాకు తెలుసు.

కొత్త ట్రాక్టరుకు పూజ చేయించడానికి బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి పోయారు. మేం చర్చికి పోయేవాళ్ళమే, కానీ డ్రైవరు డ్యూటీకి మతం ఉండదు. ట్రాక్టరుకు బొట్లు పెట్టిందీ, పూలదండ కట్టిందీ ప్రేమే. చివర్లో ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాలి. పెడదామని ప్రేమ్ వంగాడు. కొన్నవాణ్ణి నేను కదా, నేనే పెట్టాలని లక్ష్మణ్ కూడా అప్పుడే వంగాడు. ఇద్దరి తలలూ ఠపీమని తగిలాయి. ఆయన నుదురు వచ్చి మా ఆయన కణతకు కొట్టుకుంది.

ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. వంగితే తలలు తగులుతాయి. మా ఆయన కళ్ళు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాడు. మామూలు మనిషైతే నీళ్ళు తాగించి నీడలో కూర్చోబెడతాడు. కానీ అక్కడున్నది పెద్దమనిషి, చుట్టూ ఆ నలుగురూ ఉన్నారు.

తలకు తల తగిలితే కొమ్ములు మొలుస్తాయని, వెంటనే ఇంకోసారి గుద్దుకుంటే మొలవవని మా వైపు పిల్లలందరూ అనుకుంటారు. బడిలో ఆడుకునేటప్పుడు నేనూ గుద్దుకున్నాను. ఆ వయసు దాటాక అందరూ మానేస్తారు. మనవరాలు పుట్టినా లక్ష్మణ్ మానలేదు.

"అరే ప్రేమ్‌గా, కొమ్ములు మొలుస్తయిరా! లే, ఇంకోపారి గుద్దాలె!" అన్నాడు. మా ఆయన్ని లేపి, రెండు చెవులూ పట్టుకొని, నిక్కి మరీ గుద్దాడు. అందరూ నవ్వారు. బుచ్చన్న అని ఒకడున్నాడు, ఆయన పోయిన చోటల్లా ఫోన్ పట్టుకొని వీడియో తీయడమే వాడి ఉద్యోగం. "పటేలా, సరిగ రాలే. ఇంకొక్కపారి కొట్టు," అన్నాడు వాడు. లక్ష్మణ్ చొక్కా సర్దుకొని, ఫోన్ వైపు తిరిగి, మూడోసారి గుద్దాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేను అక్కడ లేను. ఊరంతా చూసినట్టే నేనూ లక్ష్మణ్ స్టేటస్‌లో చూశాను. కింద పడీ పడీ నవ్వే బొమ్మలు పెట్టాడు. వీడియోలో మా ఆయన కూడా నవ్వుతున్నాడు. డ్రైవరు నవ్వకపోతే బాగుండదు కదా. నవ్వుతూనే చక్రం పట్టుకుందామని చెయ్యి చాపాడు. చక్రం అక్కడ లేదు, మూరెడు అవతల ఉంది. చెయ్యి గాలిలో తడుముకుంటుంటే వీడియో అయిపోయింది. నేను దాన్ని పదే పదే చూశాను. ఊళ్ళో ఎవరూ ఆ చేతిని చూడలేదు, కొమ్ముల ముచ్చటే చూశారు.

మర్నాడు ప్రేమ్ వాంతి చేసుకున్నాడు. లక్ష్మణే కారులో గద్వాల దవాఖానకు తీసుకుపోయాడు, నేనూ పోయాను. స్కానింగ్ తీశారు. ఒక చిన్న వయసు డాక్టరు ఫిల్ము చూసి నెమ్మదిగా చెప్పాడు. "స్కానింగ్‌లో ఏమీ లేదు, అది మంచి సంగతే. కానీ దెబ్బ చిన్నదైనా లోపలి అదురు కొందరికి నెలల తరబడి ఉంటుంది. తలనొప్పి వస్తుంది, వెలుగు పడదు, చప్పుడు పడదు, మతిమరుపు, కోపం ఉంటాయి. అవి స్కానింగ్‌లో కనపడవు. వేషాలనుకోకండి. నేను చూసి సరేననేదాకా బండి ముట్టొద్దు."

లక్ష్మణ్‌కి ఇందులో మొదటి మూడు మాటలే వినిపించాయి. ఫిల్మును వెలుగుకు పట్టి ఫోటో తీసుకొని, కనపడినవాడికల్లా చూపించాడు. "జూడు, లోపల ఏం లేదు," అని. ఆయన తలకు తీసినా అదే వచ్చేది. ఈ మాట నేను హోటల్ దగ్గర నలుగురిలో అన్నాను, ఆయనకు చేరింది. చేరాలనే అన్నాను.

తర్వాత మా ఇంట్లో మొదలైంది. మిషను చప్పుడు మా ఆయనకు పడలేదు. తొక్కుతుంటే తలలో సూది దిగుతున్నట్టు ఉందని చెవులు మూసుకునేవాడు. ఆయన బయటికి పోయినప్పుడే కుట్టుకునేదాన్ని. చాయ్ గ్లాసులో పోయబోయి పక్కన పోసేవాడు. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అందక కోపం తెచ్చుకునేవాడు. పెళ్ళయినప్పటినుంచి నా మీద గొంతు ఎత్తని మనిషి, కూరలో కారం ఎక్కువైందని గిన్నె విసిరికొట్టి, తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చాడు. పగటి వెలుగు పడక నల్లద్దాలు కొనుక్కున్నాడు. అవి పెట్టుకుంటే కాస్త తేరుకునేవాడు.

ఊరికి కావలసింది ఆ అద్దాలే. "ఏం హీరో, షూటింగ్ యాడ?" అని కూడలిలో ఒకడు. "బొప్పి కట్టినందుకు నాలుగు నెలల సెలవా? మాకు గూడ ఒకటి గుద్దు పటేలా," అని ఇంకొకడు. వీళ్ళలో ఒక్కడైనా జ్వరం వస్తే మంచం దిగడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే పెళ్ళాన్ని నాలుగు వీధులు తిప్పుతాడు. నెత్తురు కారితేనే దెబ్బ అని, కట్టు కడితేనే రోగమని వీళ్ళ లెక్క.

జాకెట్టు కొలతలకు వచ్చిన భీమమ్మ మా ఆయన్ని కిటికీలోంచి తొంగిచూసి, గాలి సోకిందని తేల్చేసింది. "పూజ కాడ నిమ్మకాయ తొక్కిండేమోనే. గాలి గాకపోతే గంత మంచి పోరడు గట్ల ఎందుకైతడు? ఎర్రమిర్చి దిగదీసి పొయ్యిల వెయ్యి."

"గాలి సోకింది ఆయనకు కాదక్కా, గుద్దినోనికి," అన్నాను.

చర్చిలో పాల్ అయ్యగారికి ఇంకో కారణం దొరికింది. ఆదివారం కీబోర్డు, డోలకు, పెద్ద స్పీకరు మొదలుకాగానే ప్రేమ్ చెవులు మూసుకొని బయటికి పోయేవాడు. అయ్యగారు గమనించారు. గమనించకుండా ఉంటారా? "పాటలు మొదలుగాంగనే లేసి పోతుండంటే లోపల ఏదో ఉన్నది బిడ్డా. దేవుని పాట వినలేనిది ఏందో నీకు ఎరికే," అన్నారు.

"లోపల నెత్తినొప్పి ఉన్నదయ్యగారూ. ఆ స్పీకరు జర తగ్గియ్యండి."

"దేవుని పని తగ్గియ్యమంటవా?"

ఆ స్పీకరు దేవుడిచ్చింది కాదు, ఎలక్షన్లప్పుడు లక్ష్మణ్ ఇప్పించింది. మతాలు రెండైనా మా ఆయన ఒంట్లో ఏదో దూరిందనే మాట దగ్గర ఊరంతా ఒక్కటైపోయింది. ఇంత ఐకమత్యం మంచినీళ్ళ పైపు పగిలినప్పుడు చూపించి ఉంటే బాగుండేది.

వీళ్ళందరినీ మించింది మా అత్త. ఏసమ్మ వయసులో ఉండగా ఏటా వలస పోయింది. భీవండి, పుణె, ఎక్కడ మట్టిపని ఉంటే అక్కడికి గుంపు మేస్త్రీ వెంట పోయి తట్టలు మోసింది. ఒంట్లో బాగాలేదనే మాట ఆమె లెక్కలో బూతు. "భీవండిల మేడ మీదికెంచి నా నెత్తి మీద ఇనుప తట్ట పడ్డది. జర పసుపద్ది మల్ల పనిలకు దిగిన. నా కొడుకేమో తలకు తల తాకిందని మంచమెక్కిండు," అనేది, గల్లీ అంతా వినేట్టు. అలా అంటూనే సాయంత్రం కాగానే పాత చీరపేలిక నుదుటికి బిగించి కట్టుకొని, చీకటి మూల చూసుకొని పడుకునేది. పిల్లలు అరిస్తే చెప్పు విసిరేది. ఎండలో పని చేసిన తలనొప్పి అనుకున్నాం మేం. కోపం సంగతంటారా, అది అత్తలకు మామూలే కదా.

శ్రావణం రావడానికి కొద్ది రోజుల ముందు, దారాలు, లైనింగు గుడ్డ కొందామని బైకు మీద గద్వాలకు బయల్దేరాం. ఇప్పుడు జర నయంగానే ఉందని ప్రేమ్ తనే నడుపుతానన్నాడు. వద్దన్నాను. ఆ మాటకే ముఖం చిన్నబుచ్చుకుంటే జాలిపడి ఎక్కాను. కాలువ కట్ట మీదికి వచ్చేసరికి ఎదురుగా లారీ. దాని అద్దం మీద ఎండ తళుక్కుమంది. ప్రేమ్ రెండు కాళ్ళూ నేలకు ఆనించి కట్ట మధ్యలో ఆగిపోయాడు. లారీవాడు తిట్టుకుంటూ పక్కనుంచి దాటిపోయాడు.

"సరితా, మనం ఎటు పోతున్నం?" అని అడిగాడు.

ఆ కట్ట మీద వేరే దారి లేదు. ఒక పక్క నిండుగా కాలువ, ఇంకో పక్క చేలు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆయన తిరిగిన దారి. నేను బైకు దిగి, స్టాండు వేసి, ఆయన చెయ్యి పట్టుకొని గట్టు మీద కూర్చోబెట్టాను. లక్ష్మణ్ చేనికి ఆడకూలీల ట్రాక్టరు రోజూ పోయేది ఈ కట్ట మీదే.

ఇంటికి రాగానే మా అత్తకు చెప్పాను. ఆమె నమ్మలేదు. "మొగనికి కళ్ళెం వేసి ఇంట్ల కట్టేసుకున్నవు. ఊరంత నవ్వుతున్నరు," అంది. ఊరు నవ్వడం కన్నా కాలువలో పడడం మేలన్నమాట.

సీడు పత్తి అంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మామూలు పత్తిలాగ దాని దారిన వదిలేస్తే కావలసిన విత్తనం రాదు. సాయంత్రం ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి అందులోని మగభాగం గిల్లెయ్యాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఆ పుప్పొడిని అద్దాలి. దీన్ని క్రాసింగు అంటారు. అదంతా ఆడవాళ్ళ పని. పొద్దెక్కితే పుప్పొడి పనికిరాదు, కాబట్టి కూలీలు వేళకు చేలో ఉండాలి. సరిగ్గా ఆ సీజను మొదలయ్యేటప్పుడు, ప్రేమ్ బదులు పెట్టుకున్న డ్రైవరు చెప్పకుండా హైదరాబాద్ పోయాడు. అప్పుడు లక్ష్మణ్‌కి మా ఇల్లు గుర్తొచ్చింది.

శుక్రవారం సాయంత్రం వచ్చాడు, వెనుక బుచ్చన్న. కుర్చీ వేస్తే కూర్చోకుండా, గల్లీకి వినపడేలా వాకిట్లో నిలబడి మాట్లాడాడు.

"ఏంరా ప్రేమ్, ఇంక ఎన్నొద్దులు పండుకుంటవు? స్కానింగ్ సాఫ్ ఉన్నది. నేనే కదా తీపిచ్చిన. నాకు నీ కన్న జోరుగ తాకింది, నేను తిరుగుతలేనా?"

"నెత్తి తిరుగుతుంది పటేలా. ఎండకు కండ్లు కనపడవు," అన్నాడు ప్రేమ్ నేలచూపులతో.

"ఎవనికి తిరగదురా? నాకు తిరగదా? ఉత్త నకరాలు. ఆడోళ్ళు నవ్వుతున్నరు, జర మొగోనిలెక్క రా. రేపు పొద్దుగాల లేబర్‌ను చేన్ల దింపాలె."

"డాక్టరు బండి ముట్టొద్దన్నడు పటేలా. మీ ముందటనే అన్నడు," అన్నాను నేను.

"నీ మొగడు మాట్లాడుతుండుగా, నువ్వు మిషన్ తొక్కుకో," అన్నాడు లక్ష్మణ్. బుచ్చన్న నవ్వాడు. వీడియో తీయనప్పుడు వాడికి నవ్వడం డ్యూటీ.

మా అత్త కొంగు నడుముకు చుట్టుకొని ముందుకొచ్చింది. "వస్తడు పటేలా. రాకేం జేస్తడు? నేనే తోలిస్త. నేను గూడ ఆ బండిల్నే ఉంటగా."

ప్రేమ్ నావైపు చూడలేదు. "వస్త," అన్నాడు. నాలుగు నెలలుగా వేషగాడని అనిపించుకున్న మనిషి ఇంకేమంటాడు? దెబ్బకన్నా ఆ మాటే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. కాలువ గట్టు మీద దారి తప్పినా సరే, కూడలిలో తల ఎత్తుకుంటే చాలనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

నేను ఇల్లిల్లూ తిరిగాను. రేపు ఆ ట్రాక్టరు ఎక్కొద్దని, నడిచైనా పొమ్మని చెప్పాను. భీమమ్మ నవ్వింది. "మొగని మీద గంత నమ్మకం లేదానే నీకు? వాడు పుట్టిన సంది తోలుతుండు." జమ్ములమ్మ తలుపు దగ్గరే నిలబడి, "పటేల్ చెప్పినంక ఏమున్నది? ఆయన జూపించిండు గద ఆ ఫిల్ము," అంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టెను నేనే అని తెలుసుకొని ఇంటికి వచ్చాను.

శనివారం పొద్దున ప్రేమ్ నల్లద్దాల కోసం ఇల్లంతా వెతికాడు. గూట్లో పెట్టినవి గూట్లో లేవు. తనే ఎక్కడో పెట్టి మర్చిపోయానేమో అనుకొని తనను తానే తిట్టుకున్నాడు. "అమ్మా, చూసినవా?" అంటే, "నాకేం తెల్వదు. అద్దాలు లేకుంటే బండి నడవదా?" అంది మా అత్త. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. నేను మిషను మీద గుడ్డ కప్పి వాళ్ళ వెంట నడిచాను. నువ్వెందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబుంది. ట్రాక్టరు కదిలితే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టిన చోట నేను కూర్చుంటాను. ఎవడు ఎక్కిస్తాడో ఎక్కించనీ అనుకున్నాను.

లక్ష్మణ్ ఇంటి ముందు ట్రాలీలో ఆడవాళ్ళు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. సద్ది గిన్నెలు, నెత్తికి టవళ్ళు, ఒకరిమీద ఒకరు పరాచికాలు. మా అత్త కూడా ఎక్కి ముందువైపు కూర్చుంది, కొడుకు పక్కనే ఉన్నట్టు. అవతల కారు కడిగి నిలబెట్టి ఉంది. శ్రావణ శనివారం కదా, లక్ష్మణ్ కుటుంబమంతా బీచుపల్లికి పోతున్నారు. ఆయన కోడలు నవనీత పట్టుచీర కట్టుకొని, పాపను ఎత్తుకొని అరుగు మీద నిలబడింది.

ఆ ఇంట్లో తాళాలన్నీ గుమ్మం పక్కన మేకుకు వేలాడతాయి. ప్రేమ్ ట్రాక్టరు తాళం తీసుకొని, అలవాటుగా కారు తాళం మీద కూడా చెయ్యి వేశాడు.

"గుడికి ఎప్పుడు పోవాలమ్మా? ఆడోళ్ళను చేన్ల దించి గిట్లనే వస్త, మిమ్మల్ని తోలుకపోత," అన్నాడు.

"వద్దులే ప్రేమ్, కారుకు కురుమయ్య వస్తుండు," అంది నవనీత. కురుమయ్య పక్క ఊరి డ్రైవరు. "నిన్ననే మామ ఫోన్ చేసి మాట్లాడిండు. నేనే అడిగిన, ప్రేమ్ ఉన్నడు కదా మామా అని. వాని నెత్తి ఇంక కుదురుకోలే, ఎప్పుడు ఎట్ల చేస్తడో తెల్వదు, పిల్లతోని పోతున్నం, వాని చేతికి కారు ఇయ్యొద్దన్నడు. నువ్వు మంచిగ దవాఖానల చూపిచ్చుకో ప్రేమ్."

ఆ అమ్మాయి మంచితనంతోనే చెప్పింది. ఆ ఇంటి కోడలై ఇన్నేళ్ళయినా అబద్ధమాడడం ఆమెకు అబ్బలేదు. అరుగు ఎత్తు మీద నిలబడి చెప్పింది కాబట్టి ట్రాలీలో చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడింది.

పరాచికాలు ఆగిపోయాయి. ప్రేమ్ కారు తాళం మీదినుంచి చెయ్యి తీశాడు. నేను చక్రం దాకా పోవలసిన పనే లేకపోయింది.

మొదట లేచింది మా అత్త. ట్రాలీ అంచు పట్టుకొని నిలబడి నవనీతనే చూసింది. "మల్ల చెప్పు బిడ్డా. పటేల్ ఏమన్నడు?"

అంతలో లక్ష్మణ్ బొట్టు పెట్టుకొని, కండువా వేసుకొని బయటికి వచ్చాడు. "ఏందే ఏసమ్మా, ఇంక కదలలేదా? పొద్దెక్కుతుంది!"

"పటేలా, మా వాని నెత్తి సాఫ్ ఉన్నదంటివి. నకరాలంటివి."

"ఉన్నది మరి."

"మరి నీ కారు ఎందుకియ్యలేదు?"

లక్ష్మణ్ కోడలి వైపు చూశాడు, కోడలు పాప వైపు చూసింది. "అది... అది వేరే ముచ్చట. హైవే మీద లారీలొస్తయి. ఇంట్ల పిల్లలున్నరు. చేనికి పోయేది కట్ట తోవ, చిన్న తోవ," అన్నాడు. పెద్దమనిషి నోట ఒక్కసారి నిజం వచ్చింది, అది కూడా తడబడుతూ వచ్చింది.

"తోవ చిన్నది. కాలువ గూడ చిన్నదేనా పటేలా?" అంది మా అత్త. ఆమె గొంతు పెద్దదే, కానీ ఆ రోజు అరవలేదు. "నీ ఇంట్లోళ్ళు పిల్లలు. మేమేంది? పత్తి బోరాలమా?"

అని దిగింది. ఆమె వెనుక జమ్ములమ్మ దిగింది, ఫిల్ము చూసి నమ్మిన జమ్ములమ్మ. తర్వాత భీమమ్మ, మిగిలినవాళ్ళు ఒకరొకరే సద్ది గిన్నెలు చంకన పెట్టుకొని దిగారు. లక్ష్మణ్ తిట్టాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత పుప్పొడి పాడైపోతుందని గుండెలు బాదుకున్నాడు. నాలుగు నెలల్లో ఆయన ఒకరి తల గురించి అంత బాధపడలేదు. బుచ్చన్న ఫోన్ జేబులోనే ఉండిపోయింది. అంత మంచి వీడియో పోగొట్టుకున్నాడు పాపం.

చివరికి కురుమయ్య వచ్చి ట్రాక్టరు తోలితేనే ఎక్కుతామన్నారు ఆడవాళ్ళు. కారు తోలడానికి పిలిపించిన మనిషిని కూలీల ట్రాక్టరు మీదికి ఎక్కించవలసి వచ్చింది. కురుమయ్య చేనికి పోయాడు, కారు కదల్లేదు. ఆ శనివారం ఆంజనేయస్వామి లక్ష్మణ్ ముఖం చూసే శిక్ష తప్పించుకున్నాడు.

అంతకుముందే, కురుమయ్య ఇంకా రాకముందు, ప్రేమ్ తన చేతిలోని ట్రాక్టరు తాళాన్ని తిరిగి మేకుకు తగిలించాడు. ఒక్కసారికి తగల్లేదు, రెండోసారి మేకును వేలితో తడిమి చూసుకొని తగిలించాడు. అందరూ చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా అత్త పనికి పోలేదు. ఆమె పనికి పోని రోజు నేను చూడడం అదే మొదలు. ముగ్గురం ఇంటికి నడిచాం. ఎండ ముఖాన కొడుతోంది. ప్రేమ్ కళ్ళు చికిలించుకొని, చెయ్యి అడ్డం పెట్టుకొని నడుస్తున్నాడు. కొంచెం దూరం పోయాక మా అత్త ఆగింది. రొంటిన దోపుకున్న మూట విప్పి నల్లద్దాలు తీసింది.

"పెట్టుకో," అంది. "పటేల్ చూస్తే ఏమంటడో అని పొద్దుగాల నేనే దాచిన."

నేను నోరు తెరిచాను. ఆ అద్దాలు లేకుండా ఆ ఎండలో, ఆ కట్ట మీద, అంతమంది ఆడవాళ్ళతో, తనే ఎక్కి కూర్చున్న ట్రాలీతో! తిట్టడానికి మాటలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఆమె నావైపు చూడకుండా, దారి వైపు చూస్తూ అంది:

"భీవండిల తట్ట పడ్డ సంది నాకు గూడ గిట్లనే పొడుస్తది. వెలుగు పడదు. లొల్లి పడదు. ఎవరికి చెప్తే ఏమున్నది, మేస్త్రీ పని బంద్ పెట్టిస్తడు. గుడ్డ కట్టుకొని ఊకున్న. వీడు చెప్తే మాత్రం నాకు కోపమొచ్చింది. నేను చెప్పుకోనిది వీడెందుకు చెప్పుకోవాలె అని."

ప్రేమ్ అద్దాలు పెట్టుకున్నాడు. నెమ్మదిగా నడుస్తూ అన్నాడు.

"సరితా, ఊరు మొత్తంల నన్ను నమ్మింది ఇద్దరే."

"ఎవరు?"

"ఒకటి నువ్వు. ఇంకొకటి పటేల్. నాది నాటకం కాదని ఆయనకు మొదటి సంది ఎరికే."

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. లక్ష్మణ్‌తో నన్ను ఒకే గాటన కట్టినవాడు ఈ భూమ్మీద నా మొగుడొక్కడే. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే నా నోటి సంగతి వాళ్ళకు తెలిసేది. ఆయన లెక్క మాత్రం తప్పు కాదు. చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోయాను.